కరిచిందెవరి కుక్క?

నర్సు మాసయ్య చేతి కట్టు విప్పుతుండగా రాగిణి ఆమె భుజం మీదుగా తొంగి చూసింది. మోచేతికీ మణికట్టుకీ నడుమ నాలుగు లోతైన గాట్లు. పైన రెండు, కింద రెండు. రెండు వారాలు గడిచినా వాటి చుట్టూ చర్మం నల్లగా కమిలే ఉంది. చీరుకుపోయిన చోట ఇప్పుడిప్పుడే పక్కు కడుతోంది. కరిచి పారిపోయిన కుక్క ఇలా చేయదు. పట్టుకుని, గుంజి, వదలకుండా ఊపిన కుక్క పని ఇది.

నిన్న సాయంత్రం తను స్వయంగా తెరిచి చూసిన ఇంకో నోరు రాగిణి కళ్లముందు మెదిలింది. అశోక్‌నగర్‌లో ప్రభావతి టీచర్ అన్నం పెట్టే గుండు అనే ముసలి వీధికుక్క నోరది. పై కోరల్లో ఒకటి సగానికి విరిగింది. రెండోది అరిగి మొద్దుబారింది. ఆ నోటితో ఈ గాట్లు పడే ప్రసక్తే లేదు.

రాగిణి పదేళ్లు వకీలుగా పనిచేసి, కోర్టులో వాయిదాలకు విసిగిపోయి, నారాయణగూడలో ఒక ఇరుకు గదిలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ప్రభావతి ఆమె దగ్గరకు వచ్చి మూడు రోజులైంది. రిటైరైన లెక్కల టీచర్. ఎదురుగా కుర్చీ అంచున కూర్చుంది. "నా కుక్క మనిషిని కరిచిందని నా మీద కేసు పెడతరటమ్మా. ఇంటి ఓనరేమో ఈ నెలాఖరుకు ఖాళీ చెయ్యుమంటున్నడు. పుట్టి బుద్ధెరిగి పోలీస్ స్టేషన్ మెట్లెక్కినదాన్ని కాదు నేను," అంది. ఎస్సై సరిత రాగిణి మాట మీద ఈ సాయంత్రం దాకా ఆగుతానంది. ఆ తర్వాత తన చేతుల్లో ఏమీ ఉండదని కూడా చెప్పింది.

అందుకే రాగిణి పొద్దున్నే నారాయణగూడలో కుక్కకాటు సూదులు వేసే ఈ దవాఖానకు వచ్చి మాసయ్య కోసం కాపు కాసింది. మాసయ్య, అతని భార్య బాలనాగమ్మ మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చినవాళ్లు. అశోక్‌నగర్‌లో జైపాల్ అనే బిల్డర్ కట్టిస్తున్న అపార్ట్‌మెంటులో ఇద్దరూ కూలికి పనిచేస్తారు, రాత్రిళ్లు అక్కడే రేకుల గదిలో పడుకుని కాపలా కాస్తారు.

సూది వేయించుకుని, కొత్త కట్టుతో బయటికి వచ్చిన ఇద్దరినీ ఆమె గేటు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించింది.

"నేను ప్రభావతి టీచర్ తరఫు మనిషిని. దాచేదేం లేదు," అంది ముందే. "రెండు మాటలు అడుగుత. చెప్తే చెప్పుండ్రి, లేకుంటే లేదు."

మాసయ్య భార్య వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది.

"చెప్పేదేమున్నది మేడమ్? వీధి కుక్క కరిచింది. పోలీసోళ్లకు గదే రాసిచ్చిన."

"గుండేనా?"

"గదే. టీచరమ్మ బువ్వ పెడ్తది సూడు, గా కుక్క."

"ఎప్పుడు కరిచింది?"

"తెల్లారంగ. ఇంకా మసక మసక ఉన్నది."

"ఎక్కడ?"

"గేటు బయట, గల్లీల."

"దాన్ని దేంతోని కొట్టి ఇడిపించుకున్నవ్?"

"చేతిల తాపీ ఉండె. దాంతోనే కొట్టిన." ఈ ఒక్క జవాబు మాత్రం తడుముకోకుండా వచ్చింది.

"మసక చీకట్ల గల్లీలకు తాపీ పట్టుకొని ఎందుకు పోయినవన్నా?"

మాసయ్య చాయ్ గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆగాడు. గ్లాసులోకి ఒక క్షణం తేరిపార చూసి, చిన్న గుటక వేసి, రెండో చేత్తో గొంతు తడుముకున్నాడు. ఆ గుటక సాఫీగా దిగిందని నమ్మకం కుదిరాకే రెండోది తాగాడు.

రాగిణి గమనించిందని బాలనాగమ్మ గమనించింది. ఇక ఆపుకోలేకపోయింది.

"దినాం గిదే కథ మేడమ్. పొద్దుగాల కండ్లు తెరుస్తనే చెంబుల నీళ్లు నోట్ల పోసుకుంటడు. దిగుతున్నయా లేవా అని సూసుకుంటడు. రాత్రి నిద్రలేదు. మా ఊర్ల ఒకాయన గట్లనే పోయిండు, నీళ్లు సూస్తెనే బుగులు పడుకుంట. గా సంగతే ఈయనకు మతిల తిరుగుతున్నది."

"సూదులన్నీ టైముకే వేయించిన్రు గద?"

"మొదటిది రెండు దినాలు లేటాయె. పసుపు పెట్టు, యాడికి పోవద్దని జైపాల్ సారు..." బాలనాగమ్మ మాట మధ్యలో మింగేసింది.

రాగిణి తొందరపడలేదు. ఆమె గొంతు ఇంకా మెత్తబడింది.

"కరిచిన కుక్క పది రోజులు మంచిగుంటే, తింటూ తిరుగుతుంటే, ఆ రోగం భయం లేనట్టేనని లోపల డాక్టర్లు చెప్పలేదా?"

"చెప్పిన్రు."

"గుండు ఎట్లున్నది మరి?"

"దానికేమయింది, మంచిగనే ఉన్నది. నిన్న గూడ టీచరమ్మ గేటు కాడ పండుకొని ఉండె."

"రెండు వారాల నుంచి గుండు నీ కండ్ల ముందే తింటున్నది, పంటున్నది. మరి నీకు భయమెందుకు అన్నా? పొద్దున లేస్తే నీళ్లు గొంతు దిగుతయో లేదో అని పరేషానెందుకు?"

మాసయ్య చెయ్యి మళ్లీ గొంతు మీదికి పోయింది.

"ఎందుకంటే నిన్ను కరిచిన కుక్క నీ కండ్ల ముందర లేదు. అది బతికున్నదో సచ్చిందో నీకు తెల్వదు. అందుకే నిద్ర పడ్తలేదు."

బాలనాగమ్మ గ్లాసు బెంచీ మీద ఠక్కున పెట్టింది. "ఇంక చెప్పు! నీ పానం కంటె ఎక్కువనా గా రేకుల రూము? పొమ్మంటే పోదాం. కాచిగూడల రైలెక్కితే ఊరు రాదా?"

మాసయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కుని దాని వైపు చూశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. కరిచింది సైటు లోపల. సామాన్లు దొంగలు పడుతున్నారని జైపాల్ ఈ మధ్యే ఒక కుక్కను పిల్లర్‌కు కట్టి పెట్టించాడు. నల్లది, లావు మెడ, రెండు కళ్ల పైనా గోధుమరంగు బొట్లు. పగలంతా గోనెగుడ్డ చాటున ఉండేది, రాత్రిళ్లు గొలుసు విప్పి వదిలేవారు. ఆ రోజు మేస్త్రీ తొందరగా వస్తాడని మాసయ్య తెల్లారకముందే తాపీ, తట్ట పట్టుకుని లోపలికి వెళ్లాడు. అది అరవలేదు, గుర్రుమనలేదు. నేరుగా వచ్చి చెయ్యి పట్టింది.

"పట్టినంక ఇడువలే మేడమ్. నేను గుంజినకొద్ది ఇంక గట్టిగ పట్టింది. కన్ను మీద తాపీతోని ఒక్కటేసిన. రక్తం కారంగ అప్పుడు ఇడిసింది. మా ఆమె మొత్తుకున్నది. గల్లీల గుండు మొరిగింది. మంది జమైన్రు. 'గిదే, గీ వీధికుక్కనే కరిచింది' అన్నడు అప్పుడే సైటుకొచ్చిన జైపాల్ సారు. రోడ్డు మీది జనం గదే పట్టుకున్నరు."

"నల్ల కుక్క ఏమైంది?"

"మంది పోయినంక కొంచెంసేపటికి ఎన్క దిక్కు గేటుకెల్లి ఒక జీపుల ఏసుకొని పోయిన్రు. ఎవలో నాకెరుక లేదు. ఇంకో మాట మాట్లాడితే ఆలుమగలు ఇద్దరు సైటు మీద కానరావద్దన్నడు సారు." అతను తలెత్తాడు. "అది బతికున్నదా మేడమ్? పిచ్చిది గాదు గద?"

"సాయంత్రంలోపల తెలుసుకుంట," అంది రాగిణి. ఎలా తెలుసుకోవాలో ఆమెకు ఇంకా తెలియదు.

సైటు గేటు దగ్గర ఇద్దరు మగవాళ్లు ఆమె కోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉన్నారు. ఒకరు జైపాల్. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. రెండో మనిషి ఇంద్రసేన. పోలీసు ఉద్యోగం వదిలేసి బషీర్‌బాగ్‌లో సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టుకుని, పక్కన డిటెక్టివ్ పనులు కూడా చేస్తుంటాడు. కాలనీ సంఘం తరఫున ఈ కేసు చూడమని అతన్ని పెట్టించింది జైపాలే.

"రండి వకీలమ్మా," అన్నాడు ఇంద్రసేన. "కుక్కకు గూడ వకాల్తా పుచ్చుకున్నరని విన్న. ఫీజు ఏంది, మటన్ బొక్కలా?"

"ఎస్సైగారు చూసి రమ్మన్నరు. మీకేమన్న అడ్డమున్నదా?"

"నాకేం అడ్డం? చూడుండ్రి. కరిచింది గల్లీల. లోపల మీకు ఇసుక, కంకరే దొరుకుతయి."

రాగిణి రేకుల గేటు తోసుకుని లోపలికి వెళ్లింది. మాసయ్య చెప్పిన పిల్లర్ ఎడమ పక్కన ఉంది. గొలుసు తగిలించే ఇనప కడియం ఉండాల్సిన చోట సిమెంటు మెత్తారు. పిల్లర్ మిగతా ఒళ్లంతా పాతది, ఆ జానెడు చోటు మాత్రం కొత్తది. ఆమె వంగి నేల చూసింది. పిల్లర్ చుట్టూ గచ్చు మీద, గొలుసు ఈడ్చుకుంటూ తిరిగినంత మేర, సన్నటి గీతలు అర్ధచంద్రంలా పడ్డాయి. ఎవరో నేలను కడిగారు కానీ గీతలు కడిగితే పోయేవి కావు.

"ఇక్కడ దేన్ని కట్టేసిన్రు జైపాల్‌గారూ?"

జైపాల్ ఇంద్రసేన వైపు చూసి తర్వాత జవాబిచ్చాడు. "మేకపోతును. స్లాబు పూజకు తెచ్చినం."

"మేకపోతు," అని రాగిణి నెమ్మదిగా అనుకుంటూ గేటు దగ్గరికి నడిచింది. రేకును లోపలివైపు నుంచి చేత్తో తడిమింది. ఆమె నడుము ఎత్తులో రంగు లేచిపోయి, నిలువుగా, పక్కపక్కన గోళ్ల గీతలు. బయటివైపు చూసింది. అక్కడ రంగు చెక్కుచెదరలేదు.

"మీ మేకపోతుకు గోళ్లున్నట్టున్నయి. ఇంత ఎత్తుకు కాళ్లు లేపి గీకింది. అదిగాక, గేటు గొళ్లెం లోపలి దిక్కే ఉన్నది. వీధికుక్క బయట నుంచి గొళ్లెం తీసుకొని లోపలికొచ్చి, లోపలి నుంచి గీకిందా?"

జైపాల్ జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఇంద్రసేన మాత్రం నవ్వాడు.

"గీతలతోని కేసు నడవదు రాగిణీ గారూ. కరిపించుకున్న మనిషి సంతకం పెట్టిండు, వీధికుక్క అని. ఆ వీధికుక్కకు టీచర్ పొద్దున సాయంత్రం తిండి పెడ్తది. తిండి పెట్టినోళ్లదే బాధ్యత. కథ ఖతం."

"రోడ్డు మీద ఆకలిగొన్నదానికి ముద్ద పెట్టినోళ్లంత యజమానులైతే, ఈ చిక్కడపల్లి సర్కిల్‌ల హోటళ్లోళ్లందరి మీద కేసులు పెట్టాలె. చట్టం ఎవరిని పట్టుకుంటదో మీకు తెల్వదా? జంతువు ఎవరి ఆధీనంల ఉన్నదో వాళ్లను. తన దగ్గరున్న జంతువుతోని మనుషులకు ప్రమాదం రాకుండ చూసుకోకపోతే అది నేరం. వీధికుక్కలకు టీకాలెయ్యాల్సింది, పిల్లలు పుట్టకుండ ఆపరేషన్లు చెయ్యాల్సింది మున్సిపాలిటీ. టీచర్ కాదు."

"ఆధీనం అంటే ఏందో నేను చెప్పాల్నా?" ఇంద్రసేన ఒక్కో మాటా నొక్కి పలికాడు. "దానికి పేరు పెట్టింది ఎవరు? టీచర్. మెడకు ఎర్ర పట్టీ కట్టింది ఎవరు? టీచర్. వానొస్తే వరండాల పండబెట్టుకునేది ఎవరు? టీచర్. రేపు జడ్జిగారు అడుగుతరు, ఇది వీధికుక్కా, ఇంటి కుక్కా అని. ఏం చెప్తరు?"

ఆ పట్టీ సంగతి రాగిణిని మూడు రోజులుగా తొలుస్తూనే ఉంది. బండ్ల కింద పడకుండా రాత్రిపూట మెరుస్తుందని కట్టానని ప్రభావతి చెప్పింది. నిజమే కావచ్చు. కానీ కోర్టులో ఆ పట్టీని ఎవరెలా చదువుతారో చెప్పలేం. వాదనలతో ఈ కేసు గెలవడం కష్టం. కరిచిన కుక్కను తెచ్చి నిలబెట్టాలి.

"సాయంత్రం నారాయణగూడకు రండి," అంది. "డాక్టర్ త్రివేణి అని పశువుల డాక్టర్. గుండు పళ్లు చూసి, ఆ గాట్లు దానివో కాదో ఎస్సైగారి ముందే చెప్తది. సంఘం తరఫున మీరూ ఉండాలె."

"తప్పకుండ వస్త. ముసలి కుక్క పండ్లు లెక్కపెట్టే ముచ్చట జూడకుంటే ఎట్ల?"

గల్లీ మలుపు తిరిగాక రాగిణి ఆగి గోడకు ఆనుకుంది. కోపం దిగేదాకా ఊపిరి పీల్చుకుంది. అప్పుడు మాసయ్య మాట ఒకటి మళ్లీ చెవిలో పడింది. కన్ను మీద తాపీతో వేశాడు. రక్తం కారింది.

అలాంటి కుక్కలు ఊరికే రావు. నేర్పించి తయారుచేసిన జంతువు. చంపి పారేయరు, వదిలేయరు. దెబ్బ తగిలితే కుట్లు వేయిస్తారు. కుట్లు వేయించాలంటే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల్సిందే. రాగిణి ఫోన్ తీసింది. మొదట త్రివేణికే చేసింది, ఎలాగూ సాయంత్రం సంగతి మాట్లాడాలి కదా అని.

"నల్లది, కండ్ల మీద గోధుమరంగు బొట్లు, కనుబొమ్మ మీద గాయం," అని త్రివేణి ఆశ్చర్యంగా తిరిగి చెప్పింది. "సుల్తాన్! నేనే కుట్లేసిన. రేకు కోసుకుందన్నరు. రేకు తెగితే గట్ల ఉండదు అనుకున్న కూడ. మధ్యల ఒకసారి వచ్చి చూపించుకున్నది. ఇయ్యాల సాయంత్రమే కుట్లు ఇప్పాలె, దాన్ని మేపేటాయన తీస్కొస్తడు."

మలుపు దగ్గర కూరగాయల బండామె రాగిణిని పక్కకు జరగమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"బతికే ఉన్నదా డాక్టర్?" అని అడిగింది చివరికి.

"బతుకుడేంది, నా బల్ల మీది నుంచి బిస్కెట్ల డబ్బా దొంగతనం చేసింది."

సాయంత్రానికి త్రివేణి క్లినిక్కులో బెంచీలు నిండిపోయాయి. ప్రభావతి ఆటోలో గుండును ఒళ్లో కూర్చోబెట్టుకుని వచ్చింది. మాసయ్య, బాలనాగమ్మ తలుపు పక్కన మూలకు ఒదిగి నిలబడ్డారు. టీచరమ్మ ముఖం చూడడానికి మాసయ్యకు ధైర్యం చాలలేదు. ఎస్సై సరిత మఫ్టీలో వచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, "కానీండి," అంది. ఇంద్రసేన ట్రాఫిక్‌లో ఉన్నానని ఫోన్ చేశాడు.

త్రివేణి గుండు నోరు తెరిచి చూసి, మాసయ్య చేతి ఫొటోతో పోల్చింది. ఎక్కువసేపు పట్టలేదు.

"సరితగారూ, ఈ కుక్క రొట్టె కూడ నానబెడితేనే తింటది. ఈ పండ్లతోని నాలుగు గాట్లు పడయి. ఈ దవడకు ఆ వెడల్పు లేదు."

"రాసిస్తరా?"

"సంతకం పెట్టి ఇస్త."

అప్పుడే బయట బండి ఆగింది. బలంగా ఉన్న ముప్పై ఏళ్ల మనిషి ఒకడు లోపలికొచ్చాడు. చేతిలో పొట్టి గొలుసు, గొలుసు చివర మూతికి జాలీ కట్టిన నల్ల కుక్క. ఎడమ కన్ను పైన కుట్ల వరుస. గుండు బెంచీ కిందికి దూరి మూలిగింది. మాసయ్య గోడకు అతుక్కుపోయాడు.

"గదే," అన్నాడు. "గదే మేడమ్, గా కుక్కనే. కన్ను మీద సూడుండ్రి, నా తాపీ దెబ్బ."

వచ్చిన మనిషి, పేరు బబ్లూ, తెల్లబోయి అందరినీ చూశాడు. సరిత అతన్ని కుర్చీలో కూర్చోమని చేయి చూపించింది. "నువ్వేం పరేషాన్ కాకు. ముందు డాక్టర్ పని కానియ్యి."

త్రివేణి సుల్తాన్ కళ్లలోకి టార్చి వేసి చూసింది. చెవులు, మెడ, నడక చూసింది. జాలీ సందులోంచి గిన్నెతో నీళ్లు పెడితే అది గటగటా తాగేసి, ఇంకా కావాలన్నట్టు గిన్నెను మూతితో తోసింది. మాసయ్య ఆ నీళ్లనే చూస్తున్నాడు.

"మాసయ్యా, ఇటు చూడు," అంది త్రివేణి. "పోయిన ఎండకాలమే దీనికి నేను పిచ్చికుక్క టీకా వేసిన. అది ఒకటి. నిన్ను కరిచి పది రోజులు దాటిపోయింది, ఇది చూసినవు గద, నీళ్లు తాగుతున్నది, తోక ఊపుతున్నది. అది రెండోది. దీనికి రోగమే ఉంటే ఈపాటికి బయటపడేది, బతికేది కాదు. ఈ కాటుతోని నీకు ఆ రోగం రాదు."

"అంటే నాకేం గాదా డాక్టరమ్మా?"

"ఏం కాదు. మిగిలిన సూది దవాఖానోళ్లు చెప్పినట్టు వేయించుకో. కానీ భయం మాత్రం ఇక్కడనే ఇడిసి పో."

మాసయ్య అలాగే గోడ వెంట జారి కింద కూర్చుండిపోయాడు. రెండు వారాలుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది. చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. బాలనాగమ్మ పక్కన కూర్చుని, "ఇంక ఊకో, ఇంక ఊకో," అంటూ అతని వీపు మీద కొడుతూ, నవ్వుతూ, కొంగుతో తన కళ్లు తుడుచుకోవాలో అతని కళ్లు తుడవాలో తెలియక ఇద్దరివీ తుడిచింది.

ప్రభావతి లేచి వెళ్లి అతని ముందు ఒంగింది. మాసయ్య ఆమె కాళ్లవైపు చేతులు చాచబోతే పట్టుకుని ఆపింది.

"తప్పయింది టీచరమ్మా. నోరు లేని దాని మీదికి, నీ మీదికి నెట్టిన. నిలువ నీడ లేకుండ పోతదని బుగులైంది."

"నువ్వు బతికి బాగున్నవ్. నాకు అదే చాలు మాసయ్యా," అంది ప్రభావతి. "ఆ రోజు నుంచి నాకు కూడ నిద్ర లేదు. కేసు సంగతి ఒకటి. ఒకవేళ నిజంగనే నా గుండు కరిచి నీకేమన్నా అయితే నేను ఎట్ల బతుకుదు అని ఇంకొకటి."

"టీచర్‌గారూ," సరిత కుర్చీలోంచి పిలిచింది. "మీ మీద ఫిర్యాదు ఇక్కడితోని అయిపోయింది. మీరు స్టేషన్‌కు రావాల్సిన పని లేదు. మీ ఇంటి ఓనర్‌తోని కూడ నేను మాట్లాడుత." తర్వాత మాసయ్య వైపు తిరిగింది. "నీ మాట మళ్లీ రాయించుకుంట, ఈసారి నిజంగ జరిగింది. జైపాల్ నిన్ను సైటు నుంచి పంపించేస్తే నాకు ఫోన్ చెయ్యి."

ప్రభావతి బెంచీ మీద కూలబడి, గుండును దగ్గరికి తీసుకుని దాని తల మీద చెయ్యి వేసి, రెండు కళ్లూ మూసుకుంది. ఆ ముఖంలో బిగువు సడలిపోవడం చూస్తుంటే రాగిణికి తన భుజాల బరువు కూడా దిగినట్టయింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆకలి తెలిసింది. ఇంటికి వెళ్లే ముందు ఏదైనా తినాలి అనుకుంది. జైపాల్‌ను పట్టుకోవడమే మిగిలింది. అది సరిత పని.

సరిత అప్పటికే బబ్లూ వైపు కుర్చీ తిప్పింది. "ఇది జైపాల్ కుక్కేనా?"

"జైపాల్ సారుది కాదు మేడమ్. ఆయన కిరాయికి తెచ్చుకున్నడు. మా ఏజెన్సీది. సైట్లకు, గోడౌన్లకు పంపిస్తం. మేపుడు, తిప్పుడు, డాక్టర్ కాడికి తెచ్చుడు నా డ్యూటీ, ఏ డాక్టరని ఎవ్వరు అడుగరు."

రాగిణి తలెత్తింది. "ఆ రోజు పొద్దున జీపుల వచ్చి తీసుకుపోయింది నువ్వేనా?"

"నేను బండి నడిపిన. సారు గూడ ఉండె. జైపాల్ సారు ఫోన్ చేస్తే ఆయనే నన్ను నిద్రలేపి తీస్కపోయిండు. డాక్టరెవరన్న అడిగితే రేకు గీసుకున్నదని చెప్పుమన్నది గూడ ఆయనే. నన్నేం అనకుండ్రి మేడమ్, చెప్పింది చేసెటోణ్ని."

"ఏ సారు?"

బబ్లూ పెదవులు తడుపుకున్నాడు. అతను పేరు చెప్పేలోపే తలుపు తోసుకుని ఇంద్రసేన లోపలికొచ్చాడు, ఫోన్‌లోకి చూసుకుంటూ, మాట్లాడుతూనే.

"సారీ ఎస్సైగారూ, ట్రాఫిక్ ఘోరంగ ఉన్నది. అయిందా పండ్ల పరీక్ష? మా సంఘం తరఫున ఒక్కటే మాట..."

సుల్తాన్ లేచింది. అంతదాకా బబ్లూ కాళ్ల దగ్గర నిద్రకు తూగుతున్న కుక్క, గొలుసు అతని చేతిలోంచి జారిపోయేంత ఊపుతో ముందుకు కదిలింది. మాసయ్యను, గుండును, ఎవరినీ చూడలేదు. నేరుగా ఇంద్రసేన దగ్గరికి వెళ్లి, అతని ఎడమ కాలికి ఒళ్లు ఆనించి కూర్చుని, మెడ ఎత్తి, తరువాత ఏం చేయాలో చెప్పమన్నట్టు అతని ముఖంలోకి చూసింది.



బబ్లూ అలవాటుగా లేచి నిలబడ్డాడు. "నమస్తే సార్. కుట్లు ఇప్పుతున్నరు సార్. మంచిగ మానింది."

ఇంద్రసేన ఫోన్ మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. అతని ముఖం మీదున్న నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత ఏం చేయాలో తెలియక వెళ్లిపోయింది.

"ఎవరిదీ కుక్క?" అన్నాడు. "నేనెన్నడూ చూడలే."

ఒక అడుగు వెనక్కి వేశాడు. సుల్తాన్ లేచి, ఒక అడుగు వెనక్కి జరిగి, మళ్లీ అతని ఎడమ కాలి పక్కనే కూర్చుంది. ఇంకో అడుగు వేశాడు. కుక్క కూడా వేసింది. మూడో అడుగుకు అతని వీపు తలుపుకు తగిలింది. సరిత ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దాన్ని మూసి గడియ పెట్టిందో అతను చూడనే లేదు.